నిద్రపోయే కారు తాగే కరెంటు: మల్టీమీటర్‌తో బ్యాటరీ డ్రెయిన్ పట్టుకోవడం ఎలా?

సంక్రాంతికి నాలుగు రోజులు రైల్లో ఊరెళ్లి వచ్చాం. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వదిలి వెళ్లిన కారు రిమోట్ నొక్కితే పలకలేదు. తాళంతో తలుపు తీసి సెల్ఫ్ కొడితే డ్యాష్‌బోర్డులో లైట్లు ఒకసారి వెలిగి నీరసంగా ఆరిపోయాయి. టక్ టక్ మని రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, కొట్టుకోవడం తప్ప ఇంజిన్ కదల్లేదు. జంప్ స్టార్ట్ చేయడానికి వచ్చిన కుర్రాడు బ్యాటరీ మీద తేదీ చూసి, "మూడేళ్లయింది సార్, దీని పని అయిపోయింది. మార్చేయండి" అన్నాడు. మార్చాం. ఉగాదికి మళ్లీ నాలుగు రోజులు ఊరెళ్లాం. తిరిగొచ్చేసరికి మూడు నెలలు కూడా నిండని కొత్త బ్యాటరీ నుంచి కూడా అదే టక్ టక్.

అప్పుడు తెలిసొచ్చింది, తప్పు బ్యాటరీది కాదని. దాన్ని ఏదో తాగేస్తోంది.

బ్యాటరీ డౌన్ అవడం వేరు, బ్యాటరీ పాడవడం వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల ఎంతోమంది మంచి బ్యాటరీలను పాత ఇనుముకు ఇచ్చేసి, కొత్తదాన్ని తెచ్చి అదే జబ్బుకు అప్పగిస్తున్నారు. కారు ఆపి తాళం వేసిన తర్వాత కూడా లోపల్లోపల కరెంటు లాగేదాన్ని పారాసిటిక్ డ్రెయిన్ అంటారు. మామిడి చెట్టును పట్టుకున్న బదనికలాంటిది. చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, సారం మాత్రం ఇంకెక్కడికో పోతుంటుంది. దాన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే, వోల్టులూ ఆంపియర్లూ కొలిచే చిన్న పసుపుపచ్చ మల్టీమీటర్ చాలు. కానీ మీటర్ కంటే ఎక్కువగా కావాల్సింది ఓపిక. చాలామందికి తప్పు జవాబు వచ్చేది మీటర్ వల్ల కాదు, మేలుకుని ఉన్న కారును కొలవడం వల్ల.

ఎంత తాగితే మామూలు?

తాళం తీసి దిగిపోయినా కారు పూర్తిగా ఆరిపోదు. గడియారం నడవాలి. రిమోట్ నొక్కితే వినడానికి సెంట్రల్ లాక్ సిద్ధంగా ఉండాలి. వేరే తాళంతో ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్, ఇంజిన్ కంప్యూటర్ మెమరీ, స్టీరియోలో సెట్ చేసుకున్న స్టేషన్లు, అన్నింటికీ కాస్త కాస్త కరెంటు కావాలి. ఇవన్నీ కలిపి మామూలు కారులో 20 నుంచి 50 మిల్లీఆంపియర్లు, అంటే 0.02 నుంచి 0.05 ఆంపియర్లు. ఆ లోపు ఉంటే జబ్బు కాదు.

చిన్న పెట్రోల్ కారులో సాధారణంగా 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉంటుంది, అంటే లెక్క ప్రకారం ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇవ్వగలది. 0.05 ఆంపియర్లు లాగితే రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు పోతాయి. సగం ఖాళీ అవడానికే రెండు వారాలు పడుతుంది. అదే 0.4 ఆంపియర్లు లాగితే రోజుకు దాదాపు 10. మూడున్నర రోజుల్లో మొత్తం ఊడ్చుకుపోతుంది. ఇంకోలా చెప్పాలంటే, మన సంక్రాంతి సెలవులకు సరిగ్గా సరిపోయే లెక్క.

మరి మిగతా రోజుల్లో ఎందుకు బయటపడలేదు? మేడ మీద వాటర్ ట్యాంకుకు కారుతున్న కుళాయి ఉందనుకోండి. రోజూ పొద్దున మోటారు వేస్తున్నంతకాలం ఇంట్లో ఎవరికీ తెలియదు. నాలుగు రోజులు ఇంటికి తాళం పెట్టి వెళ్తే తెలుస్తుంది. మా కారు రోజూ ఆఫీసుకు రానూపోనూ రెండు గంటలకు పైగా నడిచేది. రాత్రంతా కారిపోయినదాన్ని పగలు ఆల్టర్నేటర్, మన భాషలో డైనమో, బొటాబొటిగా నింపేసేది. ఇప్పుడు ఆలోచిస్తే ఒక గుర్తు ముందు నుంచే ఉంది. సోమవారం పొద్దున సెల్ఫ్ కాస్త బరువుగా తిరిగేది, మంగళవారానికి మామూలైపోయేది. ఆదివారం మేం బండి తీయం. చలికాలం కదా, అందుకేనేమో అనుకున్నాను. మీ బండి కూడా సెలవు మర్నాడు మాత్రమే మొరాయిస్తుంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ముందు బ్యాటరీనా, కారా తేల్చుకోండి

మీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. బ్యాటరీని ఛార్జర్‌తో ఫుల్ ఛార్జ్ చేయించి, మైనస్ కేబుల్ ఊడదీసి ఒక రాత్రి వదిలేయండి. కారుతో సంబంధం లేకుండా అది ఒంటరిగా ఉండాలి. పొద్దున వోల్టేజీ చూడండి. 12.6 దగ్గర నిలబడితే బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువంటే దాదాపు ఖాళీ. కేబుల్ తీసేసినా ఒక్క రాత్రిలో 12.3కి జారిపోయిందంటే బ్యాటరీలోనే ఏదో సెల్ దెబ్బతింది, కారును అనుమానించక్కర్లేదు. ఒంటరిగా ఉంటే నిలబడి, కారుకు తగిలిస్తే పడిపోతోందంటే దొంగ కారులోనే ఉన్నట్టు.

బండి నడిపి ఆపిన వెంటనే కొలిస్తే 12.9, 13 కూడా చూపిస్తుంది. అది పైపై ఛార్జ్, దాన్ని నమ్మొద్దు. కొన్ని గంటలు ఆగాలి.

ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. రాకపోతే డైనమో సరిగా నింపడం లేదని అర్థం, అది వేరే కథ. మన ఎండల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వేడి పెరిగేకొద్దీ బ్యాటరీ తనంతట తానే ఛార్జ్ కోల్పోయే వేగం పెరుగుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఎండలో నిలబడే బండి బ్యాటరీ, చల్లటి సెల్లార్‌లో ఉండే బ్యాటరీ ఒకేలా ఉండవు. దానికి తోడు, బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయిన ప్రతిసారీ లోపలి ప్లేట్లకు కొంత శాశ్వత నష్టం జరుగుతుంది. అందుకే లీకును వెతక్కుండా జంప్ స్టార్ట్ మీద బతకడం చివరికి మంచి బ్యాటరీని కూడా నిజంగానే చంపేస్తుంది.

మీటర్‌కు ఉన్న మూడు రంధ్రాలు

డిటి 830డి రకం మీటర్లు మన దగ్గర ప్రతి ఎలక్ట్రీషియన్ సంచిలో ఉంటాయి. కింద మూడు సాకెట్లు. నల్ల వైరు ఎప్పుడూ COM అని రాసి ఉన్న కామన్‌లోనే. ఎర్ర వైరు వోల్టులకు ఒక దాంట్లో, 10 ఆంపియర్ల కోసం విడిగా ఉన్న ఇంకో దాంట్లో. ఈ విడి సాకెట్ విషయంలోనే జాగ్రత్త. దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఫ్యూజ్ లేదని రాసి ఉంటుంది. అంటే ఆ రెండు వైర్ల మధ్య ఉన్నది కేవలం ఒక లావుపాటి లోహపు తీగ. ఆంపియర్లు కొలిచాక ఎర్ర వైరును తిరిగి వోల్టుల సాకెట్‌లో పెట్టడం మరిచిపోయి, ఇంకోరోజు అదే మీటర్‌తో బ్యాటరీ వోల్టేజీ చూడబోయారంటే బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టే. ప్రోబ్, అంటే వైరు చివర ఉండే సూది, కొన మెరుస్తుంది, వైరు కాలిపోతుంది. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది కాబట్టి దాని పక్కన నిప్పురవ్వ పుట్టడం ఇంకా ప్రమాదం.

ఇంకో సంగతి. మీటర్ వైర్ల మధ్యలో ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టకూడదు, ఇగ్నిషన్ ఆన్ చేయకూడదు, హెడ్‌లైట్లు వేయకూడదు. స్టార్టర్ మోటారు వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది. 10 ఆంపియర్ల మీటర్ దానికి ఒక లెక్కలోకి రాదు.

ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే క్లాంప్ మీటర్‌తో వైరు విప్పకుండానే కొలవచ్చు కదా అని అడుగుతారు. కొలవచ్చు, కానీ వాటిలో చాలావరకు ఇంటి కరెంటును, అంటే ఏసీని మాత్రమే కొలుస్తాయి. కారులో ఉండేది డీసీ. డీసీ కొలుస్తుందని, మిల్లీఆంపియర్లు చూపించే తక్కువ రేంజి ఉందని చూసుకుని కొంటే మాత్రం అంతకన్నా సుఖమైన పని లేదు.

కారును నిద్రపుచ్చడం

ఇక్కడే చాలామంది తొందరపడతారు. బ్యాటరీ కేబుల్ తీసి మీటర్ మధ్యలో పెట్టగానే స్క్రీన్ మీద 3, 4 ఆంపియర్లు కనిపిస్తాయి. గుండె గుభేలుమంటుంది. అది లీకు కాదు. కరెంటు తిరిగి రాగానే కారులోని కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా లేచి, తలుపులు వేసున్నాయా, తాళం ఎక్కడుంది అని వాకబు చేసుకుంటాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే నిద్రలోకి జారుకుంటాయి. మీటర్ ముందు కూర్చుంటే ఇది కళ్లకు కనిపిస్తుంది. 4 ఆంపియర్ల నుంచి ఒకటికి, అక్కడ కాసేపు ఆగి అరకు, తర్వాత ఒక్కసారిగా 0.03కి. పాత బండ్లలో పది నిమిషాల్లో అయిపోతుంది. కొత్త బండ్లలో అరగంట, కొన్నింటిలో గంట కూడా పడుతుంది.

కారు నిద్రపోవాలంటే తలుపులన్నీ మూసి ఉన్నాయని అది నమ్మాలి. కానీ డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజ్ బాక్స్ మీకు అందాలంటే డ్రైవర్ వైపు తలుపు తీసే ఉంచాలి. దీనికి మెకానిక్‌లు చేసే ఉపాయం ఒకటుంది. తలుపు అంచున లాక్‌లో ఉండే కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో తిప్పి రెండు క్లిక్‌లు వినిపించేదాకా మూసేయాలి. తలుపు బార్లా తెరిచే ఉన్నా కారు మాత్రం మూసి ఉందనుకుంటుంది, రూమ్ లైటు ఆరిపోతుంది. పని అయ్యాక హ్యాండిల్ లాగి ఆ కొక్కేన్ని తెరిచాకే తలుపు వేయాలి. మరిచిపోయి విసురుగా వేస్తే లాక్ విరుగుతుంది. బానెట్‌కు స్విచ్ ఉన్న బండ్లలో దాన్ని కూడా నొక్కి పట్టేలా ఏదైనా కట్టాలి. పుష్ బటన్ స్టార్ట్ ఉన్న కారైతే తాళాన్ని జేబులో పెట్టుకుని పక్కనే తిరగకండి. దాన్ని ఇంట్లో వదిలి రండి. దగ్గర్లో తాళం ఉన్నంతసేపూ కొన్ని కార్లు పూర్తిగా పడుకోవు.

మీటర్ తగిలించడంలో కూడా కారును లేపకుండా ఉండే పద్ధతి ఉంది. ముందు ఒక మందపాటి వైరుకు రెండు చివరలా క్రొకడైల్ క్లిప్పులు బిగించుకోండి. ఒక చివర బ్యాటరీ మైనస్ పోస్టుకు, ఇంకో చివర మైనస్ కేబుల్ క్లాంపుకు తగిలించండి. అప్పుడు 10 నంబర్ స్పానర్‌తో క్లాంపు వదులు చేసి పోస్టు నుంచి తీసేయండి. కరెంటు ఆ వైరు గుండా నడుస్తూనే ఉంటుంది, కారుకు ఏమీ తెలియదు. ఇప్పుడు మీటర్ ఎర్ర ప్రోబ్‌ను కేబుల్‌కు, నల్లదాన్ని పోస్టుకు కదలకుండా తగిలించండి. అరగంట ఆగండి. టీ తాగి రండి. వచ్చాక ఆ వైరు క్లిప్ తీసేస్తే కరెంటంతా మీటర్ గుండానే పోతుంది, నిద్రపోతున్న కారు ఎంత తాగుతోందో నేరుగా కనిపిస్తుంది. పొరపాటున కారు మేలుకుంటే మళ్లీ ఆ వైరు తగిలించి ఆగితే సరి.

ప్లస్ వైపు కాకుండా మైనస్ వైపే ఎందుకు అంటే, కారు బాడీ మొత్తం మైనస్‌కే కలిసి ఉంటుంది. మైనస్ విప్పుతున్నప్పుడు స్పానర్ జారి బాడీకి తగిలినా ఏమీ కాదు. ప్లస్ విప్పుతూ తగిలితే నిప్పులు రాలతాయి.

మా కారులో ఆ ఆదివారం మధ్యాహ్నం క్లిప్ తీశాక మీటర్ మీద వచ్చిన అంకె 0.42. పావుగంట చూశాను, అరగంట చూశాను. కదల్లేదు.

ఫ్యూజులు లాగాలా, కొలవాలా?

ఇప్పుడు ఎక్కడ అన్నది తేలాలి. పాతకాలం నుంచి వస్తున్న పద్ధతి ఒక్కొక్క ఫ్యూజూ లాగుతూ మీటర్ చూడటం. ఏ ఫ్యూజ్ తీయగానే 0.42 కాస్తా 0.02కి పడిపోతుందో లీకు ఆ దారిలో ఉన్నట్టు. పాత బండికి ఇది బాగానే పనిచేస్తుంది. కంప్యూటర్లు ఎక్కువున్న బండిలో మాత్రం మోసం చేస్తుంది. ఫ్యూజ్ లాగి మళ్లీ పెట్టగానే ఆ లైన్ మీద ఉన్న కంప్యూటర్ లేచి కూర్చుంటుంది, తనతో పాటు మిగతావాటినీ లేపుతుంది. ఇంకో అరగంట ఆగాలి. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, ఏదో ఒక కంప్యూటర్ బిగుసుకుపోయి నిద్రపోకుండా ఉండటమే జబ్బు అయితే, ఫ్యూజ్ లాగడంతో అది రీసెట్ అయి తాత్కాలికంగా బాగైపోతుంది. మీటర్ 0.03 చూపిస్తుంది, మీకు ఆనందం. పదిరోజుల తర్వాత మళ్లీ మొదలు.

ఫ్యూజ్‌ను కదపకుండానే పట్టుకునే మార్గం నాకు చాలా ఇష్టమైనది. ఈ మొత్తం పనిలో అందమైన భాగం ఇదే. బ్లేడ్ ఫ్యూజ్ పైభాగంలో రెండు చిన్న చుక్కల్లా లోహం బయటికి కనిపిస్తుంటుంది. ప్రోబ్ కొనలు పెట్టడానికే వాటిని అలా వదిలారు. ఏ తీగకైనా కొంత నిరోధం ఉంటుంది, ఫ్యూజ్ తీగ అందుకు మినహాయింపు కాదు. ఎర్ర రంగు 10 ఆంపియర్ల ఫ్యూజ్‌కు అది సుమారు 7 నుంచి 8 మిల్లీఓమ్‌లు. నీలం 15 ఆంపియర్ల ఫ్యూజ్‌కు 5 కంటే కాస్త తక్కువ. దాని గుండా కరెంటు పోతుంటే రెండు చుక్కల మధ్య అతి చిన్న వోల్టేజీ పుడుతుంది. కరెంటు లేకపోతే సున్నా. మీటర్‌ను 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి ఒక్కొక్క ఫ్యూజ్ తల మీద రెండు ప్రోబులూ ఆనిస్తే, నిద్రపోతున్న కారులో సున్నా కాని అంకె చూపించే ఫ్యూజే మనకు కావాల్సింది. ఈ పనికి కేబుల్ కూడా విప్పక్కర్లేదు.

సెల్లార్‌లో ఫోన్ టార్చ్ నోట్లో పెట్టుకుని, డ్రైవర్ సీటు ముందు నేల మీద వెల్లకిలా పడుకుని ఒక్కొక్క ఫ్యూజూ చూసుకుంటూ పోయాను. 0.0. 0.0. ఒకచోట 0.1, అది ఇమ్మొబిలైజర్ లాంటి వాటి మామూలు వాటా. అడుగు వరుసలో నీలం ఫ్యూజ్ దగ్గర 2.0 అని వచ్చింది. ప్రోబ్ సరిగా ఆనలేదేమోనని మళ్లీ పెట్టాను. మళ్లీ 2.0. 15 ఆంపియర్ల ఫ్యూజ్ మీద 2 మిల్లీవోల్టులంటే కరెంటు కాస్త అటూ ఇటుగా 0.42. కేబుల్ దగ్గర కనిపించిన అంకే ఇక్కడా దొరికింది. అంటే లీకు ఒకటే, ఆ దారిలోనే ఉంది.

చూసేటప్పుడు రెండు ఫ్యూజ్ బాక్సులనూ చూడాలి, డ్యాష్‌బోర్డు కింద ఒకటి, బానెట్ కింద ఒకటి. బానెట్ కింద ఉండే పెద్ద ఫ్యూజులకు నిరోధం చాలా తక్కువ కాబట్టి చవక మీటర్‌కు వాటి మీద చిన్న లీకులు కనిపించకపోవచ్చు.

అంకెలోనే ఆచూకీ

ఫ్యూజ్ దొరికింది కానీ పని అవలేదు. కారుతో పాటు వచ్చే పుస్తకంలో చూస్తే ఆ నీలం ఫ్యూజ్ కింద రూమ్ లైటు, డిక్కీ లైటు, స్టీరియో మెమరీ, గడియారం, సెంట్రల్ లాక్ అన్నీ ఉన్నాయి. ఇది చాలా కార్లలో ఇంతే.

నా మొదటి అనుమానం స్టీరియో మీదికి పోయింది. బయట షాపులో బిగించింది. బయట పెట్టించే స్టీరియోకు రెండు ప్లస్ వైర్లు ఉంటాయి. పసుపు వైరు మెమరీ కోసం ఎప్పుడూ కరెంటు ఉండే లైన్‌కు, ఎరుపు వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైన్‌కు కలపాలి. కొందరు పని తేలికవుతుందని రెండూ కలిపి ఒకే లైన్‌కు చుట్టేస్తారు. అప్పుడు స్క్రీన్ ఆరిపోయినా సెట్టు లోపల మేలుకునే ఉంటుంది. మాదీ అదేననుకుని స్టీరియో వెనక ప్లగ్ పీకాను. 0.42 కాస్తా 0.41 అయింది, అంతే. అంటే స్టీరియో నిర్దోషి, బిగించినవాళ్లూ సరిగ్గానే బిగించారు. కొలవకుండా వెళ్లి షాపువాళ్లతో గొడవ పెట్టుకుని ఉంటే ఎంత తప్పయ్యేదో.

అప్పుడు చేయాల్సిన లెక్క మొదట్లోనే చేసి ఉండాల్సింది. 0.42ను 12.5 వోల్టులతో హెచ్చించండి. 5.25 వాట్లు. కారులో 5 వాట్ల వస్తువు ఏమిటి? చిన్న బల్బు. మీటర్ అంకె ఊరికే ఎంత అని చెప్పి ఊరుకోదు, ఏమిటి అని కూడా చెబుతుంది. స్థిరంగా అరకు కాస్త తక్కువ ఆంపియర్లంటే ముందు బల్బులను చూడాలి. పైకీ కిందికీ ఊగే అంకె అయితే కంప్యూటరో ట్రాకరో. స్థిరంగా 0.1, 0.2 మధ్య ఉంటే ఆఫ్ కాకుండా ఉండిపోయిన రిలే కాయిల్ కావచ్చు.

రూమ్ లైటు ఆరే ఉంది. మిగిలింది డిక్కీ. డిక్కీ మూశాక లోపల లైటు ఆరిందో లేదో బయటి నుంచి ఎవరికి కనిపిస్తుంది? ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, డిక్కీలో వెల్లకిలా పెట్టి, తలుపు మూసి పది లెక్కపెట్టి తీశాను. వీడియోలో తలుపు కిందికి వచ్చి మూసుకుంది, గొళ్లెం పడిన చప్పుడైంది, ఆ తర్వాత కూడా లైటు హాయిగా వెలుగుతూనే ఉంది. స్విచ్ బాగానే ఉంది. తలుపు మూసినప్పుడు ఆ స్విచ్‌ను నొక్కాల్సిన వేలిగోరంత రబ్బరు బుష్ ఎప్పుడో ఊడిపోయింది. కొత్తది పెట్టి మూస్తే మీటర్ 0.02 చూపించింది. మార్చేసిన పాత బ్యాటరీని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. దాన్ని ఛార్జ్ చేసి చూడాలన్న ఆలోచనే ఆ రోజు మాకెవరికీ రాలేదు.

ఇలాంటిదే గ్లవ్ బాక్స్ లైటు. పార్కింగ్ మోడ్‌లో పెట్టిన డ్యాష్‌క్యామ్, ఓబీడీ సాకెట్‌లో, అంటే మెకానిక్‌లు స్కానర్ తగిలించే చోట, గుచ్చి వదిలేసిన డాంగిల్, సెల్లార్లలో ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూడాల్సినవే. ఫాస్టాగ్‌ను మాత్రం అనుమానించకండి. దానికి కరెంటే అక్కర్లేదు, టోల్ గేటు దగ్గరి రీడర్ తరంగాలతోనే అది పలుకుతుంది.

ఏ ఫ్యూజూ పలకకపోతే

విజయవాడలో టాక్సీ నడిపే మా బావమరిది ఒకరోజు ఫోన్ చేశాడు. "బావా, ఒక్క రాత్రి ఆపితే చాలు, పొద్దున తోయాల్సి వస్తోంది. ట్రాకర్ వల్లే అంటున్నారు అందరూ." టాక్సీల్లాంటి ప్రజా రవాణా వాహనాలకు ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం లొకేషన్ ట్రాకర్, ప్యానిక్ బటన్ ఉండాలన్న నిబంధన 2019 జనవరి 1 నుంచి ఉంది. కాబట్టి టాక్సీ బ్యాటరీ పడిపోతే ముందు నింద దాని మీదే పడుతుంది. తర్వాత నేను అక్కడికి వెళ్లినప్పుడు మీటర్ పెడితే నిద్రలో 1.3 ఆంపియర్లు. ట్రాకర్ అంత తాగదు. దాని ఫ్యూజ్ లాగితే రెండో దశాంశంలో కాస్త కదిలింది, అంతే. లోపలి ఫ్యూజులన్నీ ఒక్కొక్కటే లాగాం. 1.2 కంటే దిగలేదు.

ఫ్యూజ్ బాక్సును దాటకుండా బ్యాటరీకి నేరుగా కలిసి ఉండేవి కారులో రెండే ముఖ్యమైనవి. ఒకటి స్టార్టర్ మోటారు, రెండోది డైనమో. డైనమోలో పుట్టేది ఏసీ కరెంటు. దాన్ని డీసీగా మార్చడానికి లోపల డయోడ్లు ఉంటాయి. అవి ఒకవైపు దారే ఇచ్చే వాల్వుల్లాంటివి, డైనమో నుంచి బ్యాటరీకి పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. ఒక డయోడ్ దెబ్బతింటే బండి ఆగాక బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమో చుట్టల్లోకి పారుతుంది. బండి నడుస్తున్నప్పుడు ఛార్జింగ్ మామూలుగానే కనిపించవచ్చు, డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు రాకపోవచ్చు కూడా.

పరీక్ష చిన్నదే. బ్యాటరీ మైనస్ పూర్తిగా తీసేసి, డైనమో వెనక నట్టుతో బిగించిన లావుపాటి ప్లస్ వైరు విప్పి, దాని కొనకు టేపు చుట్టి పక్కకు పెట్టాం. మళ్లీ మీటర్ తగిలించి ఆగితే 0.06. ఆటోనగర్‌లో డైనమో విప్పించి డయోడ్ ప్లేటు మార్పించాడు. ట్రాకర్ ఆ 0.06లో తన చిన్న వాటా తీసుకుంటూ ఉండిపోయింది.

కొత్త కార్లతో వచ్చే చిక్కు

కొత్త బండ్లలో పదుల కొద్దీ కంప్యూటర్లు రెండు తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన క్యాన్ బస్ పద్ధతి ఇది. వీటిలో ఒక్కటి పడుకోకుండా ఏదో ఒకటి అడుగుతూ ఉంటే మిగతావి కూడా మెలకువగానే ఉంటాయి. అందువల్ల కరెంటు తాగేది ఒకటి, తాగించేది ఇంకొకటి అవుతుంది. ఎక్కువ మిల్లీవోల్టులు చూపించిన ఫ్యూజ్ కింది పెట్టె మార్చి డబ్బు పోగొట్టుకున్నాక, అసలు దోషి ఎక్కడో తలుపు లాక్‌లో అరిగిపోయిన స్విచ్ అని తేలవచ్చు. తలుపు తీసే ఉందని ఆ స్విచ్ చెబుతుంటే బాడీ కంప్యూటర్ పాపం ఎలా పడుకుంటుంది?

ఇంకొన్ని రాత్రి రెండింటికో మూడింటికో లేచి కాసేపు పనిచేసి పడుకుంటాయి. పగలు మనం చూసినప్పుడు అంతా సవ్యంగా ఉంటుంది. దీనికి పాత ఫోన్ ఒకటి ఉంటే చాలు. మీటర్‌ను వైర్లతో బయటికి తెచ్చి, ఎదురుగా ఫోన్ పెట్టి టైమ్‌ల్యాప్స్ ఆన్ చేసి పడుకోండి. మీటర్ తనంతట తాను ఆఫ్ అయ్యే రకం కాకూడదు. పొద్దున రెండు నిమిషాల వీడియోలో రాత్రంతా కనిపిస్తుంది. 0.03 దగ్గర ఉన్న అంకె గంటకోసారి 2కి ఎగిరిందంటే అది ఎప్పుడు, ఎంతసేపు అన్నది మీ చేతిలో ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగి మళ్లీ స్టార్టయ్యే స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లలో చాలావరకు మైనస్ పోస్టుకే ఒక సెన్సర్ బిగించి ఉంటుంది, దాన్ని లాగి వంచకండి. ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే పసుపు కనెక్టర్లను ఏ కారులోనూ ప్రోబ్‌తో ముట్టుకోవద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కూడా చాలావాటిలో 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది, పైన చెప్పింది చాలావరకు దానికే వర్తిస్తుంది. నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, వాటిలో పారేది ప్రాణం తీసే వోల్టేజీ.

ఇంతవరకు వచ్చి ఆగిపోయినా మీ శ్రమ వృథా కాదు. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకెళ్లండి: కేబుల్ తీసి ఒక రాత్రి ఉంచితే పొద్దున బ్యాటరీ ఎన్ని వోల్టులు, కారు పడుకున్నాక ఎన్ని ఆంపియర్లు, పడుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఏ ఫ్యూజ్ మీద ఎన్ని మిల్లీవోల్టులు. "బ్యాటరీ మార్చి చూద్దాం సార్" అనే మాట ఆ కాగితం చూశాక రాదు. పని నేరుగా ఆ ఫ్యూజ్ దగ్గర మొదలవుతుంది.